సున్నాలమ్మ గీసిన పదకొండో బొమ్మ

మా మేడ మీద, మా గోడకు అటువైపు వాటాలో ఇరవై రెండేళ్ళు కాపురమున్న ఆమెను ఆస్పత్రిలో అందరూ సున్నాలమ్మ అనేవారు. ఆ పేరు ఆస్పత్రి పెట్టింది కాదు. బడిలో పుట్టి ఆమె వెంటే అక్కడిదాకా నడిచి వెళ్ళింది. ఆమె ఆరో తరగతిలో నా దగ్గర చదువుకుంది. తక్కిన అక్షరాలు ఎలా ఉన్నా, ఆ పిల్ల పెట్టిన సున్నా మాత్రం కాగితం మీద నాణెం ఉంచి చుట్టూ గీసినట్టుండేది. లెక్కల పరీక్షలో తెచ్చుకునే మార్కులు కూడా తరచుగా అవే కావడంతో తోటిపిల్లలకు పేరు వెతుక్కోవలసిన శ్రమ తప్పింది. మన లిపిలో గీతల కన్నా గుండ్రాలు ఎక్కువనీ, చెయ్యి ఆగకుండా గుండ్రంగా తిప్పడం వస్తే సగం రాత వచ్చినట్టేననీ నేను ప్రతి ఏడాదీ మొదటిరోజు చెప్పేవాణ్ణి. ముప్ఫై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆ మాట చెవిన వేసుకున్నది, నాకు తెలిసి, ఆ పిల్ల ఒక్కతే.

పెద్దయ్యాక ఆమె ఉద్యోగమూ గుండ్రాలతోనే పడింది. ఆస్పత్రి ల్యాబులో రోగుల చీమూ నెత్తురూ గాజుపలక మీద పూసి, రంగులు వేసి, మైక్రోస్కోపులో చూసి, అందులో ఏ క్రిములున్నాయో చెప్పడం ఆమె పని. ఒకసారి నా కాలి మీద పుండు మానక అక్కడికి వెళ్ళాను. పొడుగాటి వసారా చివర, వెనక గేటు పక్కన, విరిగిన స్ట్రెచర్లు పోగేసిన మూల దాటితే ఆ గది. చేతులు కడిగే తొట్టి ఎంత తోమినా వదలని ఊదారంగుకు తిరిగి ఉంది. మైక్రోస్కోపు ముందున్న కుర్చీలో పాత తువ్వాలు నాలుగు మడతలు వేసి పరిచి ఉంది. ఊదారంగు వేసి, అయోడిన్ పోసి, స్పిరిట్‌తో కడిగి, చివర ఎర్రరంగు వేసిన నా పలకను ఆమె నీళ్ళకింద కడిగి ఆరబెట్టి, దాని మీద ఒక నూనెచుక్క వేసి లెన్సు కిందికి తోసింది. "మీరే చూడండి మాస్టారూ, మీ కాలి ఆస్తి" అంది.

చూశాను. ముదురు ఊదా చుక్కలు, ద్రాక్షగుత్తిలా ఒకదానినొకటి ఒరుసుకుని ఉన్నాయి.

గుండ్రటి క్రిములన్నీ విడివిడిగా చూస్తే ఒక్కలాగే ఉంటాయట. ఏది ఏదో తేలేది అవి ఎలా కూడి నిలబడ్డాయన్న దాన్ని బట్టి. ఒక్కటి రెండుగా చీలి, ఆ రెండూ విడిచిపోకుండా ఉంటే జంట. ఎప్పుడూ ఒకేవైపు చీలుతూ పోతే గొలుసు. ఒకసారి నిలువునా ఒకసారి అడ్డంగా చీలితే నాలుగు. మూడువైపులా వరస తప్పకుండా చీలితే ఎనిమిది. వరసా వావీ లేకుండా చీలితే గుత్తి. పుట్టుక అంతా విడిపోవడమే, పోలిక అంతా విడిపోయాక ఒకదాన్నొకటి ఎక్కడ పట్టుకున్నాయన్నదే అని ఆమె చెబుతుంటే, నాకు కాలి నొప్పి కాసేపు గుర్తు రాలేదు. మన భాషలో ఈ గుంపుల మాటలకు కొదవ లేదు. అరటికి గెల, ద్రాక్షకు గుత్తి, గొర్రెలకు మంద, చీమలకు బారు, కట్టెలకు మోపు. ఒకదాని మాట మరొకదానికి వాడితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. నాలుగింటికీ ఎనిమిదింటికీ ఏమనాలని ఆమె అడిగితే, చతుష్కం, అష్టకం అన్నాను. ఆమె నవ్వాపుకుంటూ, "అష్టకమంటే ఎవరైనా పాడమంటారు మాస్టారూ" అంది. ఆమె ల్యాబులో నాలుగింటిని కిటికీ అనీ ఎనిమిదింటిని మూట అనీ అనుకునేవారట. చూడగా ఆ మాటలే నయం.

ఆమెకు రెండు కట్టుబాట్లు ఉండేవి. ఈ కథంతా వాటి మీదే నిలబడింది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

మొదటిది, ముందు బొమ్మ, తర్వాత మాట. పలక చూడగానే రిపోర్టు రాసేది కాదు. తన సొంత నోటుపుస్తకంలో మందుసీసా మూత పెట్టి పెన్సిలుతో ఒక వలయం గీసి, లెన్సులో కనబడిన చుక్కలను కనబడినట్టు అందులో దించేది. ఆ తర్వాతే దాని కింద 'గుత్తులు' అనో 'గొలుసులు' అనో రాసేది. మాట ముందు రాస్తే కన్ను ఆ మాటనే చూస్తుందని ఆమె నమ్మకం. అలాంటి పుస్తకాలు నలభై దాకా నిండాయి. ల్యాబుకు పెద్దయిన డాక్టరమ్మ ఆ బొమ్మ చూసి సంతకం పెట్టేదే గాని, పలకను మళ్ళీ తాను చూసేది కాదు.

రెండవది, గొలుసుల అనుమానం ఉన్నప్పుడు ప్లేటు మీద నుంచి చూడకూడదు. రక్తం కలిపి గడ్డకట్టించిన ప్లేటు మీద క్రిములు సూదిమొనంత మచ్చలుగా పెరుగుతాయి. ఆ మచ్చను గీకి పలక మీద పూస్తే గొలుసు తునాతునకలై, కుప్పల్లాగానో జంటల్లాగానో కనబడి మోసం చేస్తుంది. మచ్చను ముందు పులుసులాంటి ద్రవంలో వేసి, ఒక రాత్రి వెచ్చగా ఉంచి, మర్నాడు అందులోంచి చుక్క తియ్యాలి. కదలని నీళ్ళలో గొలుసు నిండా సాగి కనబడుతుంది. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆమె మొదటిరోజే ఈ పాఠం చెప్పేది.

"మా అక్క క్రిములకు సూపు కాచి పోస్తుంది మాస్టారూ, నాకు టీ కూడా పెట్టదు" అని ఆమె చెల్లెలు నాతో వాపోయేది.

ఆ చెల్లెలి సంగతి చెప్పాలి. వాళ్ళ తల్లి పోయేనాటికి దానికి నాలుగేళ్ళు, అక్కకు పదిహేడు. అక్క పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకల్లా "ముందు దీని జడ వేసి వస్తాను" అంటూ ముఖం చాటేసి, చివరికి ఆ జడ వేస్తూనే ఉండిపోయింది. చెల్లెలు అదే ఆస్పత్రిలో ప్రసూతి వార్డులో ఆయా. బాలింతల ఒళ్ళు తుడవడం, పక్కలు మార్చడం, పసిపిల్లలకు నీళ్ళు పొయ్యడం దాని పని. నోటికి తాళం లేదు; ఏడ్చే బాలింతను నవ్వించడం దానికి ఒక పంతం. పదకొండేళ్ళుగా టెంపరరీ. ఆ ఏడాది వానాకాలం వెళ్ళేలోగా పర్మనెంటు ఆర్డర్లు వస్తాయని ఆఫీసులో చెప్పారు. జాబితాలో దాని పేరు నాలుగవది. అక్కాచెల్లెళ్ళ మాటల్లో ఆ కాగితం ఇంటికి రాబోయే చుట్టంలాగా రోజూ వినబడేది, మధ్యగోడ పలచన.

ఆ వానల్లోనే వార్డులో ఇద్దరు బాలింతలకు వారం తేడాలో తీవ్రంగా జ్వరం వచ్చింది. ఇద్దరి నెత్తురులోనూ సున్నాలమ్మకు గొలుసులు కనబడ్డాయి. ఇద్దరూ ఎలాగో గట్టెక్కారు. కాని ఒకే రకం గొలుసు ఒకే వార్డులో రెండుసార్లు వచ్చిందంటే, అక్కడ పనిచేసే ఎవరి గొంతులోనో అది చడీచప్పుడూ లేకుండా కాపురముందని అర్థం. మోసేవాళ్ళకు ఏమీ కాదు. బాలింత పచ్చి ఒంటికి తగిలితే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరమ్మ వార్డు సిబ్బంది పద్నాలుగు మంది గొంతుల నుంచీ నమూనాలు తీయించింది. చెల్లెలు వరసలో పదకొండవది. నోరు తెరవమంటే, "తెరుస్తాను గాని మూయించడం మీ వల్ల కాదు" అందట.

మర్నాడు పద్నాలుగు ప్లేట్లలో పదమూడు మామూలుగా ఉన్నాయి. పదకొండో దాని మీద సన్నని మచ్చలు, ఒక్కో మచ్చ చుట్టూ నెత్తురు కరిగిపోయి అద్దంలా మెరిసే వలయం. అలాంటి వలయం గుత్తుల జాతిలోనూ కొన్ని చేస్తాయి. కాబట్టి మచ్చను ద్రవంలో వేసి, ఒకరోజు ఆగి, చుక్కలు ఎలా నిలబడ్డాయో చూడాలి.

సున్నాలమ్మ ఆ రోజు ద్రవంలో వెయ్యలేదు. మచ్చను ప్లేటు మీద నుంచే గీకి, పలక మీద పూసి, రంగులు వేసి చూసింది. కుప్పలు కనబడ్డాయి, నాలుగైదు జంటలు కనబడ్డాయి. మూత పెట్టి వలయం గీసి, ఉన్నది ఉన్నట్టు దించి, కింద 'గుత్తులు' అని రాసింది. డాక్టరమ్మ బొమ్మ చూసి సంతకం పెట్టింది. వార్డులో ఎవరి దగ్గరా ఏమీ దొరకలేదని రిపోర్టు వెళ్ళింది.

అంతకు రెండేళ్ళ ముందు చేతికి సెగగడ్డలు లేచిన ఒక టెంపరరీ ఆయాను అప్పటి పెద్దడాక్టరు వారం సెలవని పంపించి, ఆ తర్వాత మళ్ళీ పిలవలేదు. సున్నాలమ్మ మనసులో మెదిలింది అదే.

ఆ సాయంత్రం వాళ్ళ వాటా తలుపు తీసే ఉంది. చెల్లెలు గుమ్మంలో కూర్చుని, "అక్కా, నాదేమొచ్చింది?" అని అడిగింది. లోపలి నుంచి జవాబు వచ్చింది. ఏమీ రాలేదట. మరో గంటకు చెల్లెలి గొంతు మళ్ళీ విన్నాను. అక్క ఎందుకో పదిరోజులు సెలవు పెట్టమంటోంది. ఆర్డరు వచ్చే నెలలో సెలవు పెట్టేవాళ్ళుంటారా, మతి గాని పోయిందా అని ఇది నవ్వుతోంది. అక్క మందులషాపు నుంచి మాత్రలు తెచ్చి, గొంతు బొంగురుగా ఉంది వేసుకోమని బతిమాలిందట. రెండురోజులు వేసుకుని, కడుపులో తిప్పుతోందని చెల్లెలు వాటిని కిటికీ గట్టు మీద వదిలేసింది. ఆ అట్ట అక్కడే వానజల్లుకు తడిసి ఉబ్బడం నేను కూడా చూశాను. అదేమిటో అప్పటికి నాకు తెలియదు.

రిపోర్టు వెళ్ళిన ఇరవై మూడోరోజున మూడో బాలింత జ్వరంతో పడింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, తొలి కాన్పు. ఆమె నెత్తురు ద్రవంలో వేసిన సీసా మర్నాటికే మసకబారింది. సున్నాలమ్మ అందులోంచి చుక్క తీసింది. వలయం ఈ కొస నుంచి ఆ కొస దాకా గొలుసులే. ఒక్కోదానిలో ముప్ఫై, నలభై పూసలు. వార్డుకు ఫోను చేసింది. మందు మార్చారు. రెండోరోజు పొద్దున ఆ పిల్ల పోయింది.

వెనక గేటు ల్యాబు పక్కనే అన్నాను కదా. పసిగుడ్డును తువ్వాల్లో చుట్టి ఎత్తుకుపోయింది ఆ పిల్ల అక్క. కారు కోసం అక్కడ పావుగంట నిలబడి, తువ్వాలు కొస పసివాడి ముఖం మీద పడకుండా సర్దుతూనే ఉందట. సున్నాలమ్మ కిటికీలోంచి చూసింది. చూసి, ఫ్రిజ్‌లో దాచిన పదకొండో ప్లేటు బయటికి తీసి, ఒక మచ్చను ద్రవంలో వేసింది. మర్నాడు మూత పెట్టి రెండు వలయాలు గీసింది. ఒకటి చనిపోయిన పిల్లది, ఒకటి చెల్లెలిది. రెండింటిలోనూ గొలుసులు.

ఆ మర్నాడు ఉదయం ఆమె ఆ పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. డాక్టరమ్మకు ఒక కాగితం రాయాలనీ, తనకు బొమ్మలు గీయడమే గాని అర్జీలు రాయడం రాదనీ అంది. పదకొండో ప్లేటు గురించి నేను ఇంతదాకా చెప్పినదంతా అప్పుడు విన్నదే. ఆమె ఏడవలేదు, పాఠం అప్పజెప్పినట్టు, వరస తప్పకుండా చెప్పింది.

నేను కలం తీసి, కాస్త ఆలోచించి, 'పొరపాటున' అని మొదలుపెట్టాను.

"పొరపాటు కాదు మాస్టారూ" అంది. "నేను చూసిందే గీశాను. ఎక్కణ్ణుంచి తీసి చూడాలో నాకు తెలుసు. అక్కణ్ణుంచి తియ్యలేదు. అలాగే రాయండి."

కొట్టేసి అలాగే రాశాను. జీవితంలో ఎందరివో అర్జీలు దిద్దాను గాని, అంత పొట్టి కాగితం ఎవరికీ రాసివ్వలేదు. ఆమె సంతకం పెడుతుండగా చెల్లెలు అక్క దగ్గరున్న తాళంచెవి కోసం వచ్చింది. పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. బొమ్మల కింద నంబర్లు ఉన్నాయి. పదకొండు తనదని చెల్లెలికి తెలుసు.

"ఇదేమిటక్కా?"

అక్క చెప్పింది. చెల్లెలు తలుపు పట్టుకుని నిలబడి చివరిదాకా విన్నది.

"ఆ పిల్లకి ఒళ్ళు తుడిచిందెవరో తెలుసా నీకు?" అంది.

"తెలుసు."

"నేను. పొద్దుటా సాయంత్రమూ నేనే. నీళ్ళు చల్లగా ఉన్నాయంటే వేడినీళ్ళు తెచ్చి మళ్ళీ తుడిచాను. వెళ్ళొద్దని ఎందుకు చెప్పలేదు?"

"సెలవు పెట్టమన్నాను కదే."

"సెలవు పెట్టమన్నావు. ఎందుకో చెప్పలేదు."

ఆర్డరు పోతుందనుకున్నానని అక్క అంది. చెల్లెలు ఆ మాట విననట్టే బల్ల మీది తాళంచెవి తీసుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి గోడ అవతల కొళాయి తిప్పిన చప్పుడు వినబడింది. అది చాలాసేపు ఆగలేదు.

డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివిందట. "పదిరోజుల మాత్రలు. అంతే కదా! నా చెవిన వేస్తే, వార్డు మార్చి, ఉద్యోగానికి చిల్లు పడకుండా చూసేదాన్ని కదా" అందట. పాత పెద్దడాక్టరు కాలం వేరు, ఇది వేరు అని కూడా అంది. ఆ తేడా సున్నాలమ్మకు ఎవరూ ముందు చెప్పలేదు. ఆమె ఎవరినీ అడగలేదు. విచారణ నాలుగు నెలలు నడిచింది. రిటైరు కావడానికి ఏడాదిన్నర ఉండగా ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు. నలభై పుస్తకాలనూ అట్టపెట్టెల్లో పెట్టి ఆస్పత్రివాళ్ళు పట్టుకుపోయారు. ఆ పిల్ల భర్తకు డాక్టరమ్మ జరిగింది జరిగినట్టు చెప్పిందట. అతను ఏమన్నాడో సున్నాలమ్మ చాలామందిని అడిగింది. ఎవరూ చెప్పలేదు.

చెల్లెలు పదిరోజులూ మాత్రలు వేసుకుంది. ఆ తర్వాత మూడుసార్లు గొంతు పరీక్ష చేశారు. ద్రవంలో వేసే చూశారు. ఏమీ లేదు. పనిలోకి రమ్మన్నారు. అది వెళ్ళలేదు. రెండు వీధుల అవతల దుప్పట్లు ఉతికే లాండ్రీలో చేరి, ఆ షాపు వెనక గదిలోనే ఉండసాగింది. అక్కతో గొడవ పెట్టుకోలేదు. ఒకరోజు తన బట్టలు సర్దుకుని, గ్యాసు అయిపోవచ్చింది చూసుకో అని చెప్పి మెట్లు దిగింది. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

వానలు వెళ్ళి చలి ముదిరాక, ఒక మధ్యాహ్నం రిజిస్టరు పోస్టు వచ్చింది. సున్నాలమ్మ బజారుకు వెళ్ళి ఉండటంతో నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. పర్మనెంటు ఆర్డరు. పైన చెల్లెలి పేరు, ఉద్యోగం, వార్డు, అన్నీ తప్పుల్లేకుండా ఉన్నాయి. సాయంత్రం ఆమె కవరును చేతిలోకి తీసుకోకుండానే చూసింది.

"మీరే ఇచ్చి రండి మాస్టారూ" అంది. "నేను వెళితే తీసుకోదు."

లాండ్రీలో ఆవిరి ముఖానికి కొట్టింది. చెల్లెలు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, పెద్ద మెషీనులోంచి తెల్లదుప్పట్లు లాగుతోంది. నన్ను చూసి కుర్చీ తుడిచి వేసింది. కవరు అందుకోవడానికి తొడుగులు తీసింది. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి, ఎర్రగా చీలికలు పడి ఉన్నాయి. గోళ్ళ చుట్టూ నెత్తురు గడ్డకట్టింది. పనిలో నీళ్ళు తగలవు, తొడుగులున్నాయి. ఆ పగుళ్ళు పని అయ్యాక చేతులు కడుక్కోవడం వల్ల. రోజుకు నలభై సార్లు తక్కువ కాదని షాపు యజమానురాలు పక్క నుంచి గొణిగింది. చెల్లెలు ఆర్డరు చదివి, ఉన్న మడతల్లోనే మళ్ళీ మడిచి, గూట్లో సబ్బుపొడి డబ్బా కింద పెట్టింది.

"అందిందని చెప్పండి మాస్టారూ" అంది. తొడుగులు మళ్ళీ వేసుకుంది.

ఇంటికి వచ్చేసరికి సున్నాలమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. అందిందని చెప్పాను. చేరుతుందా అని అడగలేదు. కాసేపు తన అరచేతుల వైపు చూసుకుంది.

"దాని చేతులెలా ఉన్నాయి?" అంది. "చిన్నప్పటి నుంచీ చలికాలం పగులుతాయి దానికి. నేనే నూనె రాసేదాన్ని."

"రబ్బరు తొడుగులు వేసుకునే పని చేస్తోందమ్మా" అన్నాను. "మోచేతుల దాకా ఉన్నాయి."

ఆమె తల ఊపింది. మనసు కొంచెం కుదుటపడినట్టే కనబడింది. నేను నా వాటాలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. నేనూ చూసిందే చెప్పాను.